ఆరోగ్యవంతుల నమూనాలపై ఈఎస్‌బీఎల్ రంగుల ప్లేట్లు: రెండేళ్ల వాడకం తర్వాత

ఏ జబ్బూ లేకుండా నిక్షేపంగా తన పని తాను చేసుకుంటున్న మనిషి పేగులో మందులకు లొంగని బాక్టీరియా ఉందో లేదో చెప్పగల సాధనాల్లో, ఒక మోస్తరు ప్రయోగశాలకు అందుబాటులో ఉన్నది క్రోమోజెనిక్ అగార్ ప్లేటు, అంటే బాక్టీరియాను పెంచి రంగుతో గుర్తుపట్టించే జెల్లీ (అగార్) పోసిన పళ్లెం. పనిలో మేము దాన్ని రంగుల ప్లేటు అనే పిలుస్తాము. తయారీదారులే మీడియా పోసి, సీలు వేసి, పెట్టెల్లో పంపే ఈ ప్లేట్లను రెండేళ్లుగా నేను ఆరోగ్యవంతుల మల నమూనాలపై వాడుతున్నాను. ఇద్దరు తయారీదారుల ప్లేట్లు వాడి చూశాను. పనితీరులో వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు కనుక పేర్ల జోలికి పోకుండా ఈ రకం ప్లేట్ల గురించే రాస్తున్నాను. ఆసుపత్రి రోగులను దృష్టిలో పెట్టుకొని రూపొందించిన ఈ వస్తువును వర్ధమాన దేశాల్లోని ఆరోగ్యవంతులపై వాడినప్పుడు అది ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ తడబడుతుందో కొనబోయేవారికి ముందే తెలియడం మంచిది.

మన పేగులో సహజంగా నివసించే ఇ.కోలై, క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియాలలో కొన్ని ఈఎస్‌బీఎల్ అనే ఎంజైములను తయారు చేస్తాయి. ఈ ఎంజైములు పెన్సిలిన్లనే కాక సెఫోటాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ వంటి మూడో తరం సెఫలోస్పోరిన్లను కూడా విడగొట్టి పనికిరాకుండా చేస్తాయి. వీటి జన్యువులు ఎక్కువగా ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాలపై ఉంటాయి కాబట్టి ఒక బాక్టీరియా నుంచి పక్కనున్న దానికి, ఒక జాతి నుంచి మరో జాతికి తేలికగా దాటిపోతాయి. రంగుల ప్లేటులోని అగార్‌లో సెఫలోస్పోరిన్ మందు కలిపి ఉంటుంది. దానికి లొంగే బాక్టీరియా అక్కడ పెరగలేదు. తట్టుకొని పెరిగినది తన ఎంజైములతో అగార్‌లోని రంగు పదార్థాలను విడగొట్టి, తానెవరో రంగు ద్వారా బయటపెట్టుకుంటుంది. నేను వాడిన ప్లేట్లలో ఇ.కోలై ముదురు గులాబీ రంగులోను, క్లెబ్సియెల్లా, దాని దగ్గరి జాతులు నీలి ఆకుపచ్చలోను, ప్రోటియస్ వర్గం గోధుమ రంగులోను వచ్చేవి.

మల నమూనా అద్దిన దూది పుల్లను (స్వాబ్‌ను) ప్లేటు అంచున రుద్ది, సన్నని తీగ ఉంగరంతో (లూపుతో) నాలుగు భాగాలుగా గీతలు లాగి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో రాత్రంతా ఉంచుతాము. మర్నాడు ఉదయం మూత తీసి చూస్తే, నిరోధక బాక్టీరియా దండిగా ఉన్న నమూనాలో మొదటి భాగమంతా గులాబీ పూతలా నిండిపోయి, రెండు, మూడు భాగాలకు వచ్చేసరికి గీతలు పలచబడి, నాలుగో భాగంలో గుండుసూది తలంత కాలనీలు విడివిడిగా నిలబడి ఉంటాయి. వాటి మధ్య ఒకటో రెండో నీలి ఆకుపచ్చ కాలనీలు కాస్త ఉబ్బుగా, జిగురుగా మెరుస్తుంటాయి. రంగుల మధ్య తేడా ఇంత స్పష్టంగా ఉండటమే ఈ ప్లేటు తొలి సుగుణం. పనికి కొత్తగా వచ్చిన టెక్నీషియన్ కూడా కొద్ది రోజుల్లోనే ధైర్యంగా చదవగలుగుతారు.

తొలి వారంలోనే ఒక సంగతి జరిగింది. ఖాళీగా ఉండే ప్లేటు ఎలా ఉంటుందో అందరికీ చూపించాలన్న ఆలోచనతో నా సొంత నమూనానే ఒక ప్లేటుపై వేశాను. అప్పటికి ఏడాదికి పైగా నేను ఒక్క యాంటీబయోటిక్ మాత్ర కూడా మింగలేదు, ఆసుపత్రిలో చేరిన సందర్భమూ లేదు. మర్నాడు ఇంక్యుబేటర్ తెరిస్తే ఆ వరుసలో అన్నిటికన్నా దట్టంగా గులాబీ రంగు తేలింది నా ప్లేటుపైనే. నమూనాలు తారుమారయ్యాయేమోనని మళ్లీ తీసి వేశాను, మందు అద్దిన కాగితపు బిళ్లలతో చేసే డిస్క్ పరీక్ష కూడా చేశాను. ఫలితం మారలేదు. అంతవరకు నా నోటు పుస్తకంలో ‘వారు మోస్తున్నది’ అని రాసుకునేదాన్ని, ఆ రోజు నుంచి ‘మనం మోస్తున్నది’ అని రాయసాగాను.

నిజానికి ఆ ఫలితంలో వింతేమీ లేదు. 2003 నుంచి 2018 వరకు వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి 2021లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, సమాజంలో మామూలుగా తిరుగుతున్న వారిలో 16.5 శాతం మంది పేగుల్లో ఈఎస్‌బీఎల్ ఇ.కోలై ఉంది. 2003–05 మధ్య 2.6 శాతంగా ఉన్న ఈ సంఖ్య 2015–18 నాటికి 21.1 శాతానికి చేరింది. ఐరోపాలో అది 6 శాతమైతే, ఆగ్నేయాసియా ప్రాంతంలో 35.1 శాతం. దక్షిణ అమెరికాలో బొలీవియా, పెరూ దేశాల పట్టణాల్లోని ఆరోగ్యవంతులైన చిన్నపిల్లల్లో 2002లో 0.1 శాతం మందిలోనే కనిపించిన ఈ బాక్టీరియా, మూడేళ్లు తిరిగేసరికి 1.7 శాతం మందిలో కనిపించింది. సంఖ్య చిన్నదే, కానీ అది పెరిగిన వేగం చిన్నది కాదు. ఈఎస్‌బీఎల్‌లలో నేడు అన్నిటికన్నా విస్తరించిన సీటీఎక్స్-ఎం-15 అనే రకాన్ని మొదట గుర్తించింది కూడా భారతదేశంలో 1999లో సేకరించిన బాక్టీరియాలలోనే.

ఇది మందులు మింగినవారికి మాత్రమే వచ్చేదైతే లెక్క సులువుగా తేలేది. 2017లో వెలువడిన డచ్ అధ్యయనంలో సుమారు 2,000 మంది ప్రయాణికులను ప్రయాణానికి ముందు, తర్వాత పరీక్షించారు. బయలుదేరేటప్పుడు ఈఎస్‌బీఎల్ లేనివారిలో 34.3 శాతం మంది దాన్ని తెచ్చుకున్నారు. దక్షిణాసియాకు వెళ్లి వచ్చినవారిలో అది 75.1 శాతం. తెచ్చుకున్నవారిలో సగం మందికి నెల రోజుల్లోనే పోయింది, 11.3 శాతం మందిలో ఏడాది తర్వాత కూడా ఉంది. లావోస్ రాజధాని వియంటియాన్‌లో 20 మంది ఐరోపా ప్రయాణికుల నమూనాలను మూడు వారాలపాటు రోజూ పరీక్షించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఏదో ఒక రోజున ఆ 20 మందిలోనూ ఈఎస్‌బీఎల్ బాక్టీరియా దొరికింది. ఇంటికి తిరిగి వెళ్లిన వారికి కొన్నాళ్లకు పోతుంది. అక్కడే పుట్టి పెరిగి, అవే నీళ్లు తాగేవారికి ఇవాళ పోయినా రేపు మళ్లీ వస్తుంది. 2018లో అనేక దేశాల సమాచారాన్ని పోల్చి చూసిన ఒక విశ్లేషణలో, నిరోధకత స్థాయికి యాంటీబయోటిక్ వాడకంతో కన్నా పారిశుద్ధ్యం, పరిపాలన వంటి అంశాలతోనే గట్టి సంబంధం కనిపించింది. 2011లో ఢిల్లీ నగరంలో పరీక్షించిన 50 కుళాయి నీటి నమూనాలలో 2, వీధుల్లో నిలిచిన నీటి 171 నమూనాలలో 51 ఎన్‌డీఎం-1 జన్యువును చూపాయి. కార్బపెనెమ్‌ల వంటి చివరి అస్త్రాలను కూడా పనికిరాకుండా చేసే జన్యువు అది.

ప్లేటు సమీక్షలో ఈ లెక్కలన్నీ ఎందుకంటే, ప్లేటుతో పాటు వచ్చే సూచనల పత్రం వేరే పరిస్థితిని ఊహించుకొని రాసినది. అరుదుగా ఒక రోగిలో నిరోధక బాక్టీరియా దొరికితే, ఒక కాలనీ ఎత్తి, నిర్ధారించి, నివేదిక ఇవ్వాలన్నది ఆ పత్రం వరస. మోసేవారు ఎక్కువగా ఉన్న చోట ఈ వరస సరిపోదు. వియంటియాన్‌లోని ఆ 20 మందిలోనే 83 వేర్వేరు ఈఎస్‌బీఎల్ వంశాలు దొరికాయి. అంటే ఒకే మనిషి కడుపులో నాలుగైదు రకాలు కలిసి ఉండవచ్చు. ప్లేటు మీద వాటిలోని ఇ.కోలై రకాలన్నీ ఒకే గులాబీ రంగులో కనిపిస్తాయి. ఒక్క కాలనీ ఎత్తుకుంటే మిగిలినవి మన కన్ను తప్పించుకుంటాయి. ఇప్పుడు నేను పరిమాణంలో, అంచుల తీరులో తేడా ఉన్న కాలనీలను కనీసం మూడింటిని ఎత్తుతాను. పని మూడింతలవుతుంది, కానీ మరో దారి లేదు.

రంగును గుడ్డిగా నమ్మడం ఇంకో పొరపాటు. ఆంప్-సీ అనే వేరే ఎంజైమును అధికంగా తయారు చేసే బాక్టీరియా కూడా ఈ ప్లేటుపై దర్జాగా పెరుగుతుంది. సూడోమోనాస్ వంటివి రంగు లేకుండానో, తమ సహజ వర్ణంతోనో వస్తాయి. అందుచేత ఎత్తిన ప్రతి కాలనీనీ సెఫోటాక్సిమ్ డిస్క్, ఈఎస్‌బీఎల్‌ను అణిచే క్లావులానిక్ ఆమ్లం కలిపిన సెఫోటాక్సిమ్ డిస్క్ పక్కపక్కన పెట్టి చూడాలి, సెఫ్టాజిడిమ్ జతతోనూ అలాగే చేయాలి. క్లావులానిక్ ఆమ్లం ఉన్నవైపు జోన్ (డిస్క్ చుట్టూ బాక్టీరియా పెరగని వలయం) వ్యాసం 5 మిల్లీమీటర్లు, అంతకు మించి పెరిగితేనే ఈఎస్‌బీఎల్ అని రాయాలి. ప్లేటు ఇచ్చేది అనుమానమే, నిర్ధారణ డిస్క్ నుంచి రావాలి. చదివే సమయం కూడా ముఖ్యం. 24 గంటలకు చదవాల్సిన ప్లేటును సెలవు వచ్చిందని 48 గంటలకు చదివితే, లొంగే బాక్టీరియా కూడా సన్నసన్నగా మొలకెత్తి అనవసరమైన గులాబీ చుక్కలను చూపుతుంది. మేము ఒకసారి ఇలా మోసపోయి ఒక రోజు నమూనాలన్నీ మళ్లీ వేయవలసి వచ్చింది.

ఈ ప్లేటు చూడలేనివీ ఉన్నాయి. ఆక్సా-48 అనే కార్బపెనెమేజ్ (కార్బపెనెమ్‌లను విడగొట్టే ఎంజైము) సెఫలోస్పోరిన్లను అంతగా విడగొట్టలేదు కనుక, దానికి తోడు ఈఎస్‌బీఎల్ కూడా లేకపోతే ఆ బాక్టీరియా ఈ ప్లేటుపై పెరగకపోవచ్చు. కొలిస్టిన్ అనే మరో చివరి అస్త్రాన్ని తట్టుకోనిచ్చే ఎంసీఆర్-1 జన్యువు 2015లో చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో బయటపడింది. అది ఒక్కటే ఉంటే ఈ ప్లేటు దాన్ని పట్టుకోదు. నమూనాలో నిరోధక బాక్టీరియా మరీ తక్కువగా ఉన్నప్పుడు, నేరుగా గీసిన స్వాబ్ ఖాళీగా కనిపించి, ఒక రాత్రి ద్రవ మీడియాలో పెంచి గీస్తే దొరికిన సందర్భాలు నాకు చాలానే ఎదురయ్యాయి. కాబట్టి ప్లేటు ఖాళీగా ఉందంటే ఆ మనిషిలో నిరోధకత లేదని అర్థం కాదు. ఆ రోజు, ఆ స్వాబ్‌లో, ఈ పద్ధతికి దొరికేంత లేదని మాత్రమే అర్థం. నివేదికల్లో ఈ వాక్యాన్ని పూర్తిగా రాయమని తోటివారిని నేను పట్టుబడతాను.

ఇక నిల్వ. ఈ ప్లేట్లతో నాకున్న అసలు ఫిర్యాదు ఇక్కడే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచాలి, లేకపోతే మందు బలం తగ్గిపోతుంది, రంగు పదార్థాలు పాడవుతాయి. ఒకసారి వచ్చిన పెట్టెల్లో ఐసు పూర్తిగా కరిగి, మూతల లోపల నీటి బొట్లు వేలాడుతున్నాయి. సరఫరాదారును అడిగితే గడువు తేదీ ఇంకా చాలా దూరం ఉందని సమాధానం వచ్చింది. ఫలితం ముందే తెలిసిన ప్రామాణిక బాక్టీరియాతో నియంత్రణ పరీక్ష చేశాను. పెరగకూడని ఏటీసీసీ 25922 ఇ.కోలై ఆ ప్లేట్లపై హాయిగా పెరిగింది, పెరగవలసిన ఏటీసీసీ 700603 క్లెబ్సియెల్లా కూడా పెరిగింది. అంటే మందు చచ్చిపోయింది, ఇక ఆ ప్లేట్లపై ఏది వేసినా గులాబీయే వస్తుంది. నియంత్రణ పరీక్ష చేయకుండా ఆ బ్యాచ్ వాడి ఉంటే, ఆ నెలలో మా దగ్గరకు వచ్చిన ఆరోగ్యవంతులందరూ నిరోధక బాక్టీరియా మోస్తున్నట్లు లెక్కలోకి ఎక్కేవారు. పెట్టె మార్చి ఇవ్వడానికి చాలా వారాలు పట్టింది. ప్రతి కొత్త లాటుకీ, ప్రతి కొత్త రవాణాకీ ఈ రెండు కంట్రోళ్లను వేయకుండా ఒక్క నమూనా కూడా వేయవద్దని ఈ అనుభవంతో చెబుతున్నాను. కరెంటు నిలకడగా ఉండని చోట, చల్లదనం తెగే దూరప్రయాణాలు తప్పని చోట, ఈ ప్లేటుకున్న పెద్ద బలహీనత ఇదే.

అలాంటి చోట మెకాంకీ అగార్‌ను ప్రయోగశాలలోనే వండి, చల్లారేటప్పుడు లీటరుకు 4 మిల్లీగ్రాముల సెఫోటాక్సిమ్ కలిపి పోసుకోవడం మంచి ప్రత్యామ్నాయం. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో రూపొందిన ఈ మీడియా ఇంత కాలం తర్వాత కూడా ఈ పనికి అక్కరకు రావడం నాకు ఎంతో తృప్తినిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ట్రైసైకిల్ విధానం మనుషుల్లో, ఆహార గొలుసులో, పర్యావరణంలో ఒకే సూచికగా ఈఎస్‌బీఎల్ ఇ.కోలైని వెతకమంటుంది. ఆరోగ్యవంతులకు ప్రతినిధులుగా అది ఎంచుకున్నది గర్భిణులను, వారి నమూనాలకు సూచించింది సెఫోటాక్సిమ్ కలిపిన మెకాంకీనే. పొడి మీడియా మామూలు గదిలో నెలల తరబడి నిలవ ఉంటుంది, ఖర్చు కూడా బాగా తక్కువ. కానీ మెకాంకీపై ఇ.కోలై, క్లెబ్సియెల్లా రెండూ గులాబీలోనే వస్తాయి కాబట్టి వేరు చేయడానికి ఇండోల్ వంటి పరీక్షలు అదనంగా చేయాలి. రంగుల ప్లేటు ఆ శ్రమను చాలావరకు తప్పిస్తుంది. రోజుకు కొద్ది నమూనాలే వచ్చే చోట మెకాంకీ చాలు. వందలాది నమూనాలు ఒకేసారి చదవాల్సి వచ్చి, చేతులు తక్కువైన చోట రంగుల ప్లేటుకు పెట్టే అదనపు ఖర్చు దండుగ కాదు.

ఫలితాన్ని మనిషికి ఎలా చెప్పాలన్నది ప్లేటు పెట్టె మీద రాసి ఉండదు, కానీ దాన్ని వాడేవారు తేల్చుకోవలసిన మొదటి సంగతి అదే. మొదట్లో మేము నివేదికపై ‘ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని రెండు మాటలే రాసేవాళ్లం. ఆ కాగితం పట్టుకొని వెళ్లిన ఒక గర్భిణికి ఒక వైద్యుడు, ఏ లక్షణమూ లేకపోయినా, క్రిములను చంపాలంటూ వారం రోజులకు యాంటీబయోటిక్ రాశారు. తర్వాత ఆమె నమూనా మళ్లీ వచ్చింది. ప్లేటుపై గులాబీ తగ్గకపోగా, లొంగే తోటి బాక్టీరియా చచ్చి ఖాళీ చేసిన చోటునంతా నిరోధక బాక్టీరియానే ఆక్రమించుకున్నదా అన్నట్టు నాలుగు భాగాలూ నిండిపోయాయి. తప్పు ఆ వైద్యుడిదని నేను పూర్తిగా అనలేను, వివరణ లేని ఆ రెండు మాటలు రాసింది మేమే. పేగులో మోస్తున్న ఈఎస్‌బీఎల్ బాక్టీరియాను తొలగించడానికి మామూలుగా మందులు ఇవ్వవద్దని ఐరోపా నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఆ ఘటన తర్వాత మా నివేదికలో మాటలు మార్చాం. ఇది జబ్బు కాదని, దీనికి మందు వాడకూడదని, అయితే ముందుముందు మూత్రనాళ ఇన్ఫెక్షనో, రక్తంలో ఇన్ఫెక్షనో వచ్చినా, శస్త్రచికిత్సకో కాన్పుకో వెళ్లినా ఈ కాగితం వైద్యులకు చూపాలని రాస్తున్నాం. మలవిసర్జన తర్వాత, వంటకు ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం ఇంట్లో మిగిలినవారిని కాపాడుతుందని కూడా కలుపుతున్నాం.

వ్యక్తులకు ఇచ్చే నివేదికలకన్నా, ఊరి మొత్తం మీద లెక్క తీయడానికి ఈ ప్లేటు ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. ఒక మనిషి ఈ నెల మోయవచ్చు, వచ్చే నెల మోయకపోవచ్చు. వందమందిలో ఎంతమంది మోస్తున్నారన్నది ఏటేటా చూస్తే, ఆ ప్రాంతంలో తాగునీరు, మురుగునీటి పారుదల, మందుల అమ్మకం ఎలా ఉన్నాయో బయటపడుతుంది. ఇన్ఫెక్షన్‌కు మొదట ఏ మందు మొదలుపెట్టాలన్న నిర్ణయానికి, ముఖ్యంగా నవజాత శిశువుల సెప్సిస్‌లో, ఆ లెక్క పనికొస్తుంది. అందుకే ఇళ్లకు కిట్లు పంపి, ఒక్కొక్కరి కడుపు గురించి చెబుతామనే సేవలకు వీటిని వాడటం నాకు నచ్చదు. మార్చగలిగినది చేతిలో పెట్టకుండా భయాన్ని మాత్రం పెట్టి పంపడం న్యాయం కాదు.

ఇన్ని లోపాలు ఎత్తి చూపినా ఈ ప్లేట్లను నేను మళ్లీ కొంటాను. నియంత్రణ వంశాలు, నిర్ధారణ డిస్కులు, ఆగని ఫ్రిజ్ ఉన్న ప్రయోగశాలకు ధైర్యంగా సిఫారసు చేస్తాను. కొనే ముందు ఆటోక్లేవ్ పనిచేస్తోందో లేదో కూడా చూసుకోండి. ఒక మనిషి పేగులో చెల్లాచెదురుగా ఉన్న నిరోధక బాక్టీరియాను ఈ ప్లేటుపై కోట్లకు పెంచుతాం. చదివిన ప్రతి ప్లేటునూ 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచిన తర్వాతే చెత్తలో వేయాలి. మా దగ్గర ఆటోక్లేవ్ పాడైన రోజుల్లో చదివిన ప్లేట్లను సీలు వేసిన డబ్బాల్లో తాళం పెట్టి ఉంచి, అది బాగయ్యేదాకా కొత్త నమూనాలు తీసుకోవడం ఆపేశాం.